పిట్ట ముట్టని విస్తరి

నా చిన్నప్పుడు మా క్వార్టర్ల వరుసను నిద్ర లేపేది మా బాపమ్మ కేక. బాపమ్మ అంటే మా బాపును, అంటే నాన్నను, కన్నతల్లి. నల్లా దగ్గర ఎవరైనా వరుస తప్పి బిందె పెట్టారంటే, ఆ బిందెకూ ఆ మనిషికీ ఆ మనిషి పుట్టింటికీ కలిపి మూడినట్టే. గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీ మాది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి బాయి పనిలో చేరిన కుటుంబాలు. ఒకరి మాట ఒకరికి సరిగ్గా తెలిసేది కాదు గానీ, బాపమ్మ తిట్లు మాత్రం అందరికీ తెలిసేవి. ఒకసారి నల్లాలో వారం రోజులు బురద నీళ్లు వస్తే, చెంబు నిండా ఆ నీళ్లు పట్టుకుని ఆఫీసుకు పోయి పెద్ద సారు బల్ల మీద పెట్టి, "తాగుండ్రి సారు, మేం రోజు తాగుతలేమా" అని నిలబడిందట. ఆయన తాగలేదు. మర్నాటికి నీళ్లు మంచివి వచ్చాయి.

చుట్ట తాగేది. పండుగ నాడు కల్లు తాగి, తన పెళ్లిలో పాడిన పాటలు తనే పాడుకుని తనే నవ్వుకునేది. తొంభై దాటి బతికింది. అంత మనిషిని గురించి చెప్పమంటే ఆ నవ్వే చెప్పాలి నిజానికి. కానీ నాకు ఆమె పేరు తలచుకోగానే గుర్తొచ్చేది ఒక్క రోజు. ఆ రోజు ఆమె అసలు నోరెత్తి అరవలేదు.

అంతకు ముందటి కథ కొంచెం చెప్పాలి. బాపమ్మది ఇచ్చోడ అవతల ఒక చిన్న పల్లె. ఇద్దరు మగపిల్లలు పుట్టాక తాత జ్వరంతో పోయాడు. పిట్టకు పెట్టిన నాడు, అంటే పోయినవాని పేరిట కాకికి అన్నం పెట్టే రోజు, తాత వాళ్ల అన్న పదిమందిలో నిలబడి, తమ్ముని పిల్లలను నేను చూసుకుంటాను అన్నాడు. ఆ మాట నమ్మి ఆమె భూమి ఆయన చేతిలో పెట్టింది. ఏడాది తిరక్కముందే ఆమె పిల్లలకు ఆ ఇంట్లో గంజి కూడా లెక్కే అయింది. ఇద్దరినీ చంకన, వీపున వేసుకుని బాయి కాడికి వచ్చి, తట్టలతో బొగ్గు మోసి పెంచింది. పెద్దవాడు మా బాపు. చిన్నవాడు చిన్నబాపు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాయిలో పైకప్పు బండ కూలి మా బాపు చనిపోయాడు. పొద్దున డ్యూటీకి పోతూ నా జడ లాగి పోయిన మనిషిని మధ్యాహ్నానికి తెల్లబట్ట కప్పి తెచ్చారు. మా అవ్వ, అంటే మా అమ్మ, స్పృహ తప్పి పడిపోయింది. బాపమ్మ ఏడవలేదు. కొడుకు తల పక్కన కూర్చుని, తడిబట్టతో అతని చెవుల్లో ఇరుక్కున్న బొగ్గుపొడి తుడుస్తూనే ఉంది. ఎంత తుడిచినా బట్టకు నలుపు అంటుకుంటూనే ఉంది. ఇక చాలు తల్లీ అని ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టింది.

రెండో రోజు సాయంత్రం మా కులం పెద్దమనుషులు వాకిట్లో కూర్చున్నారు. బాయిలో పోయినవాని నౌకరి ఇంట్లో ఒకరికి ఇస్తారు. భార్య ఒప్పుకుని వేలిముద్ర వేస్తే తమ్మునికైనా ఇస్తారని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. ఆడమనిషి బాయి మీద ఏం పని చేస్తుంది, చిన్నోడు చేసి అందరినీ సాకుతాడు అని తేల్చేశారు. మూడో రోజు కార్యం అయిపోగానే కాగితం మీద మా అవ్వ వేలు పెట్టాలి. మా అవ్వ గోడకు ఒరిగి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమెకు ఏదీ వినపడుతున్నట్టు లేదు. చిన్నబాపు చెడ్డవాడని నేను ఎప్పటికీ అనను. నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరలన్నీ తిప్పిన మనిషి. అప్పటికి అతనికి పని లేదు, కొత్తగా పెళ్లయింది. సాకుతాను అన్నప్పుడు మనసులో అతను అదే అనుకుని ఉంటాడు. తాత అన్న కూడా అలాగే అనుకుని ఉంటాడు.

అందరూ బాపమ్మ వైపు చూశారు. నల్లా దగ్గర బిందె జరిపితే కాలనీ అంతా లేపే మనిషి, కోడలి బతుకు చేజారిపోతుంటే ఒక్క మాట అనలేదు. "మీరెట్లంటే గట్లనే" అని లోపలికి పోయింది.

ఇక మూడో రోజు. మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, కాకి కోసం ఎదురు చూస్తారు. కాకి ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా తిని వెళ్లినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలి అక్కడే ఆకలితో నిలబడ్డట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి ఆ కోరిక ఏమిటో ఊహించి మాట ఇవ్వాలి. అక్కడ ఇచ్చిన మాట ఎవరూ తప్పరు. తాత అన్న తప్పాడు కదా అంటారేమో. తాతకు పెట్టిన నాడు కాకి ముందే ముట్టింది, ఆయన మాట ఆ తర్వాత గొప్ప కోసం అన్నది. ఆ తేడా బాపమ్మకు బాగా తెలుసు.

ఆ రోజు తెల్లవారగానే, ఇంట్లో ఇంకా వంట మొదలుకాక ముందే, బాపమ్మ నన్ను లేపి గోదావరి ఒడ్డుకు తీసుకుపోయింది. చేతిలో ఒక మూట. మా బాపును కాల్చిన చోటికి కాస్త దూరంలో మూట విప్పింది. అందులో మాంసం కొట్టు దగ్గర తెచ్చిన పేగులు, కొవ్వు ముక్కలు, రొట్టె తునకలు. ఇసుకలో చల్లింది. తుమ్మచెట్ల మీది కాకులన్నీ దిగి వచ్చాయి. అవి కడుపు పగిలేలా తిని, ముక్కులు ఇసుకకు రాసుకుంటూ పోయేదాకా అక్కడే నిలబడింది. బాపు కోసమేనా అని అడిగాను. "ఔ బిడ్డా, నీ బాపు కోసమే. మనం గీడికి వచ్చినట్టు ఎవ్వలకు చెప్పకు. మీ అవ్వకు సుత చెప్పకు" అంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

పొద్దెక్కాక అందరం అక్కడికే వచ్చాం. కోడికూర, పప్పుగారెలు, కల్లు, బాపు తాగే బీడీకట్ట, అన్నీ విస్తరిలో పెట్టారు. కాకులు కొమ్మల మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. మేనమామ వచ్చి చెల్లెను చూసుకుంటాను అన్నాడు. రాలేదు. పెద్దమనిషి వచ్చి కులమంతా అండగా ఉంటుంది అన్నాడు. రాలేదు. చిన్నబాపు చేతులు జోడించి, "అన్నా, నీ బిడ్డ నా బిడ్డనే, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కాకి రాలేదు. ఎండ ముదిరింది. ఇసుక కాలుతోంది. విస్తరి మీద ఈగలు ముసిరాయి.

అప్పుడు మా అవ్వ లేచింది. ఆ పొద్దున డ్యూటీకి పోయే ముందు బాపుతో చిన్న గొడవ పడిందట, కూరలో ఉప్పు గురించో దేని గురించో. విస్తరి ముందు బోర్లా పడి, "నా మీద కోపమచ్చిందా, నేనన్న మాటకే కోపమచ్చిందా, తప్పయింది, జరంత తిను" అని ఇసుకను పిడికిళ్లతో పట్టుకుని ఏడ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. కాకులు ఎందుకు రావడం లేదో ఆ గుంపులో నాకూ బాపమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. బాపమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఎంత గట్టిగా నొక్కిందంటే, నాలుగు వేళ్ల గుర్తులు సాయంత్రం దాకా పోలేదు.

మధ్యాహ్నం దాటింది. జనం గుసగుసలాడుతున్నారు. చిన్నబాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్న ఆకలితో ఎదురుగా నిలబడి తననే చూస్తున్నాడని అతను నిజంగా నమ్మాడు. అప్పుడు బాపమ్మ మెల్లగా, అతనికి మాత్రమే చెబుతున్నట్టు అంది. "వాని పెండ్లాం వేలు వెట్టుడు వానికి ఇష్టం లేదేమో బిడ్డా. నువ్వే సమజ్ చేసుకో." చిన్నబాపు మోకాళ్ల మీద కూలబడి, "అన్నా, వదిననే నౌకరి చేస్తది. నేను కాయితం మాటనే ఎత్తను. నీ మీద ఒట్టు" అన్నాడు. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కానీ విస్తరి ముందు పడిన మాటను కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

బాపమ్మ అందరినీ దూరంగా చెట్ల వెనక్కి జరగమంది. తను ఒక్కతే విస్తరి దగ్గరికి పోయి, కొంగులోంచి వేయించిన మేక కార్జం ముక్క తీసి అన్నం మీద పెట్టింది. అప్పటికి పొద్దు పడమటికి వాలింది, కాకులకు మళ్లీ ఆకలి వేళ అయింది. మనుషులు కదిలిపోయారు, వాసన తగిలింది. ఒక కాకి దిగింది, దాని వెనుక ఇంకో నాలుగు. అందరూ గొల్లుమన్నారు. మూడు రోజుల నుంచి ఏడవని బాపమ్మ అప్పుడు నేల మీద పడి ఏడ్చింది. కొడుకు తిన్నాడన్న సంతోషమని అందరూ అనుకున్నారు.

మా అవ్వకు ల్యాంపురూములో పని దొరికింది. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు అందించే పని. ఎవరి గంజికీ చెయ్యి చాపకుండా నన్ను చదివించింది. నేను టీచరునై, రిటైరు కూడా అయ్యాను. చిన్నబాపు మాట మీద నిలబడ్డాడు. ఇక్కడ పని దొరక్క మస్కట్ పోయి, ఇరవై ఏళ్లు ఎండలో ఇటుకలు మోసి, నడుము పోగొట్టుకుని వచ్చాడు. నన్ను చూస్తే అదే నవ్వు. తల్లి కంటే ముందే పోయాడు. అసలు సంగతి తెలియకుండానే పోయాడు. మా అవ్వకు మాత్రం ఆ కాకుల సంగతి నాకు పెళ్లయ్యాక నేనే చెప్పాను. తను బోర్లా పడి ఏడ్చింది గుర్తొచ్చి బాపమ్మ మీద కోపం తెచ్చుకుంటుందని భయపడ్డాను. ఆమె లేచి, నూనె గిన్నె తీసుకుని పోయి అత్త తల దువ్వింది.

నాకు తెలిసిందంతా అదే అనుకున్నాను. మా బాపమ్మ తెలివైనది, తెలివితో న్యాయం గెలిపించింది. బళ్లో పిల్లలకు ఊరూ పేరూ మార్చి ఈ కథ చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు చెప్పాలంటే.

ఆమెకు తొంభై దగ్గరపడ్డాక ఒంట్లో బాగాలేకపోతే కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకున్నాను. పొద్దున్నే ఏదైనా తిని గోలీలు వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. నేను ఉప్మా కలిపి నోటి దాకా తీసుకుపోతే పెదవులు బిగించింది. బాపమ్మ పొద్దు వాలేదాకా ఏమీ తినదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కపొద్దు అనుకునేవాళ్లం, అరగదేమో అనుకునేవాళ్లం. అడిగితే తిట్టేది, అందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజు నేను కోపంగా, ఇదేం మొండితనం అని కసిరాను. ఆమె తిట్టలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"నీ బాపును పొద్దు వాలేదాక ఆకలితోని నిలవెట్టిన బిడ్డా. బాయిల కెల్లి అచ్చినోడు, అన్నం ముంగట వెట్టుకోని ఎదురుసూసిండు. పిట్టలను నేనే ఆపిన. చేసింది తప్పని అంటలే, మల్ల గదే అస్తె మల్ల గదే చేస్త. గాని కన్నతల్లిని. వాడు తిననిది నేనెట్ల తింట?"

నలభై ఏళ్లు. కాలనీలో, పెళ్లిళ్లలో, పండుగల్లో, నేను పరీక్ష పాసైన రోజున కూడా ఆమె పొద్దు వాలేదాకా ఖాళీ కడుపుతో నవ్వింది, అరిచింది, పాడింది. ఆ నవ్వు మాత్రమే చూశాను నేను. కాసేపటికి ఆమె నన్నే అడిగింది, వానికి నా మీద కోపమచ్చిందంటవా అని. చదువుకున్నదాన్ని కదా, నాకు తెలుస్తుందనుకుంది పాపం. రాలేదు బాపమ్మా, వచ్చి తిన్నాడు కదా అన్నాను. "ఆలిశం చేసి తిన్నడు" అంది.

అప్పటి నుంచి ఆ కథ పిల్లలకు గెలుపు కథగా చెప్పడం మానేశాను. ఎవరైనా మంచే చేశాం కదా అని చేతులు దులుపుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మంచి చేసిన మనిషి కూడా దాని బరువు మోయాలి, ఎవరికీ చూపించకుండా మోయాలి. అది ఆమె దగ్గర చూశాను, నాకు చేతనైనంత మోస్తున్నాను. ఆ పొద్దున ఉప్మా గిన్నె పక్కన పెట్టేశాను. గోలీలు తర్వాత వేసుకుందువులే అని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలేదాకా నేనూ ఏమీ తినలేదు.