పసుపునీళ్లు తాగిన ఇన్వర్టరు

అప్పలసూరి చెయ్యి పడితే చచ్చిన ఇన్వర్టరు కూడా లేచి కూర్చుని మంచినీళ్లడుగుతుందని కళింగపట్నంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడు అప్పలసూరే. పదో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టినవాడికి బిరుదులు ఎవరిస్తారు? తనే ఇచ్చుకున్నాడు.

తిత్లీ తుపాను వెళ్లాక ఆ బిరుదే అతని నడుం విరిచింది. ఎక్కడి స్తంభాలు అక్కడే పడ్డాయి. కరెంటు కొత్తల్లుడిలా ఎప్పుడో వచ్చి ముఖం చూపించి పోతోంది. వచ్చినప్పుడైనా ఒకసారి నీరసం, ఒకసారి పూనకం. ఆ పూనకానికి ఊళ్లో ఇన్వర్టర్లు వరసగా కాలిపోయాయి. ఆయుధపూజ నాడు కూడా ఇళ్లంట తిరిగి, చివరికి చర్చిలో పాస్టరు థామస్ గారి ఇన్వర్టరుకు తన దగ్గర మిగిలిన మాస్‌ఫెట్లనే విడిముక్కలన్నీ వేసేసి, పొద్దుగూకే వేళకు కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

ఇంట్లో దీపం లేదు. తండ్రి పోతురాజు గోడకానుకుని ఊపిరందక ఎగపోస్తున్నాడు. ఉబ్బసం మందును పొగలా చేసి ఇచ్చే మిషను ఒళ్లో మూగగా పడి ఉంది. కరెంటు లేనిదే అది పలకదు.

"ఇన్వర్టరుకేటయింది?"

"మీ అయ్య పూజ సేసినాడు మావా," అంది భార్య భారతి.

చేపల పడవ ఉన్నన్నాళ్లూ పోతురాజు ఏటా ఇంజను నెత్తిన చెంబుడు పసుపునీళ్లు పోసి వేపమండ కట్టేవాడు. సముద్రాన్నే తాగి బతికే ఇంజనుకు చెంబుడు నీళ్లొక లెక్కా? పడవ పోయాక ఈ ఏడు ఆ మర్యాద ఇన్వర్టరుకు దక్కింది. రోజూ తనకు ఊపిరి పోసేది అదే కదా.

అప్పలసూరి మూత విప్పాడు. లోపలంతా పసుపు ముద్ద, కాలిన వాసన. బ్యాటరీ కరెంటు ఒకే వైపు పోయే రకం. దాన్ని చేపను తరిగినట్టు సన్నగా తరిగి అటూ ఇటూ ఊపితే తప్ప ఇంట్లో మిషన్లకు పనికిరాదు. తరిగే కత్తులు ఆ మాస్‌ఫెట్లే, గోరంత నల్లముక్కలు. అన్నీ మాడిపోయాయి.

"సర్చిలోయి పీక్కొచ్చీరాదా?" అంది భారతి.

"ఈ ఆయాసంతో అయ్య అందాకా రానేడు. ఊరంతా అక్కడే పోన్లు సార్జింగెట్టేరు. అయి పీకితే నన్ను పీకుతారు."

మూలనున్న పాత బోర్డుల గుట్ట ముందు కూలబడ్డాడు. ఫోను వెలుగులో ఒక్కో ముక్కా మీటరు పెట్టి చూశాడు. చాలావరకు చచ్చినవే. వెనక తండ్రి ఊపిరి ఈలవేస్తోంది. బతికున్న నాలుగు ముక్కలు దొరికాక, టంకం కడ్డీని గ్యాసు పొయ్యి మీద కాల్చి వాటిని ఊడదీశాడు. బోర్డును స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి, అతికించాడు. స్విచ్చి వేస్తే టిక్కుమని ఆగిపోయింది. ఈల ఇంకా సన్నబడింది. ఎక్కడో మిగిలిన పసుపు తడి తుడిచి మళ్లీ వేశాడు.

మిషను గుర్రుమంది. పోతురాజు ముక్కుకు పొగ అందింది. చాలాసేపటికి మాట వచ్చింది.

"ఇంజను అలిగిందేటిరా సూరీ?"

"నేదయ్యా. ఫీజు పోయింది, అంతే."

"మరి బొట్టు సెరిగిపోనాది. మళ్లీ ఎట్టనా?"

"ఎట్టు. పొడి కుంకం ఎట్టు."

వీధిలోంచి చేపలమ్మే గున్నమ్మ కేకేసింది. "ఒరే సూరీ, మా ముసిలోడూ మీ అయ్యని సూసి ఇన్వర్టరుకి పూజ సేసేసినాడ్రా. నువ్వు సెయ్యేస్తే లేసి కూకుంటాదంటావు కదా, ఓపాలి రా."

అప్పలసూరి గోడకు తల ఆన్చాడు. కళ్లు మూసుకున్నాడు.

"కూకుంటాది పిన్నీ. ముందు నన్ను కూకోనీ."