ఉత్త నీళ్ళలోనూ పచ్చబడింది

లవంగనూనె వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. నిన్న కోడలు పంటినొప్పికని సీసా మూత తీసింది. వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఎనభైల నాటి దుర్గ్‌లోని ఆ పళ్ళ ఆసుపత్రికి వెళ్ళిపోయాను. మా సుగుణ డాక్టరమ్మ అక్కడే పనిచేసేది. భిలాయి ఉక్కు ప్లాంటు కాలనీ, సెక్టర్ 4లో మా పక్క క్వార్టరు, విజయనగరం పిల్ల. నాకంటే చిన్నదే అయినా, నాకు కోపపడడం నేర్పింది ఆమే.

కుళాయి దగ్గర జారిపడి నా ముందుపన్ను సగం విరిగితే, ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు పంటిరంగు మందు పెట్టి పూడ్చాడు. ఎప్పటికీ రంగు మారదన్నాడు. ఏడాది తిరగకుండానే పచ్చబడింది. చూపించబోతే, వరసలో కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా, "దినమంతా చాయ్, హల్దీ! నోరు గందాగా పెట్టుకుంటే నేనేం చేసేది, బాయీ?" అన్నాడు. నాది మురికినోరట! రెండుపూటలా పళ్ళు తోముకునేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. నవ్వడం మానేశాను, పిల్లలకు కథలు చెప్పడమూ మానేశాను.

సుగుణ పసిగట్టింది. "ఏటి వదినా, మూతి కుట్టీసుకున్నావేటి?"

చెప్పాను. "నిజవేనేమో డాక్టరమ్మా" అని కూడా అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "చూడకుండా ఆయనన్నాడు, చూడకుండా నువ్వొప్పీసుకున్నావు. ఇద్దరూ ఇద్దరే!"

మరునాడు ఆ మందుతోనే చేసిన చిన్న బిళ్ళలు తెచ్చింది. ఒకటి టీలో, ఒకటి పసుపునీళ్ళలో, ఒకటి ఉత్త నీళ్ళలో వేసి మా అలమరలో పెట్టించింది. అప్పుడప్పుడు వాటిని కడిగి, పొద్దుటి వెలుగులో కిటికీ దగ్గర, పంటిరంగుల నమూనాలు వరసగా గుచ్చిన పట్టీ పక్కన పెట్టి పోల్చేవాళ్ళం. గాజు మీద పేరుకున్న ప్లాంటు ధూళి ముందు తుడవాలి. నా ఎర్రచీర ఛాయ పడకుండా నాకు తెల్లదుప్పటి కప్పేది. ఏది దేంట్లోదో చెప్పేది కాదు. "గుడ్లప్పగించి చూడకు వదినా, కన్ను అలవాటుపడిపోయి అబద్ధం చెప్పీస్తాది. చటుక్కున చూసి చెప్పు."

టీలోదీ పసుపులోదీ రంగెక్కాయి. అది నేననుకున్నదే. వేసవి దాటేసరికి ఉత్త నీళ్ళలోది కూడా పచ్చబడింది. ఏ నోరూ తగలని బిళ్ళ!

"మందే అంత వదినా, లోపల్నించే మారతాది. నీ నోటికేటీ అవలేదు" అంది సుగుణ. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, కాళ్ళ నుంచి పైకి.

ఇద్దరం వెళ్ళాం. పెద్ద డాక్టరు బిళ్ళలను ఓరగా చూసి, "చాయ్ మహిమ" అన్నాడు.

"ఇది ఉత్త నీళ్ళలోది సార్. నీళ్ళు కూడా చాయ్ తాగాయా?" వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఈవిడను అన్న మాట వెనక్కి తీసుకోండి" అంది సుగుణ.

"పేషెంట్ల ముందు నాటకాలా? రేపట్నుంచి రావద్దు."

సుగుణ తెల్లకోటు విప్పి కుర్చీలో పడేసింది. వరసవైపు తిరిగి, ఈ మందు పచ్చబడితే మీ నోళ్ళను తిట్టుకోకండని హిందీలో గట్టిగా చెప్పింది. నేను ఆమె పక్కన నిలబడి, పెదవి పైకెత్తి ఆ పచ్చపన్ను అందరికీ చూపించాను.

ఆయన ఆ మాట వెనక్కి తీసుకోనేలేదు. సుగుణ ఉద్యోగం పోయింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ రగులుతుంది. ఇంట్లోగానీ బయటగానీ ఎవరైనా ఎవరినైనా ఊరికే "తప్పు నీదే" అంటే, "ఏం చూశావు? ఎలా చూశావు?" అని ఎదురుగా కూర్చుంటాను. జవాబు వచ్చేదాకా లేవను.