దొర బుక్కుల వంటమనిషి

మా బాపుకు వంట రాదు. చాయ్ గూడ పెట్టరాదు. అవ్వ ఉన్నన్నాళ్లు అవ్వ పెట్టింది, అవ్వ పోయినంక నేను పెడుతున్న. గసొంటి మనిషిని పట్టుకొని వంటమనిషి అని అచ్చుగుద్దిండ్రు. నాకిప్పటికీ కడుపు మండుతనే ఉన్నది.

మాది ఆదిలాబాద్ దిక్కు ఒక గోండు గూడెం. నేను చొప్పదండిల పంతులమ్మను, బాపును తెచ్చుకొని కరీంనగర్‌ల ఉంటున్న. బాపు పడుచుతనంల మా గూడేనికి ఒక పాదిరి దొర వచ్చిండట. వాళ్ల దేవుని కథలు మా గోండిల రాయాల్నని ఆయన పట్టుదల. గోండి, తెలుగు, మరాఠీ మూడూ వచ్చినోడు గూడెంల మా బాపు ఒక్కడే. ఇద్దరు కలిసి ఏండ్లకేండ్లు కూసున్నరు. బాపు ఆ మతంల కలువలే, ఏటా నాగోబా జాతరకే పోయిండు. అయినా దొరంటే పానం. దొర గూడ బాపు రాంది కలం ముట్టకపోయేది.

మొదట్ల దొర తను రాసింది చదివి, "అర్థమైందా?" అని అడిగేదట. అందరు "అయింది దొరా" అనేటోళ్లు. దొర మురిసిపోయేది. బాపు నవ్వి చెప్పిండట: "మావోళ్లను గట్ల అడగద్దు దొరా. ఇంటికొచ్చినోన్ని కాదంటే మాకు మర్యాద గాదు. ఏం విన్నవో మళ్ల చెప్పుమను." గప్పుడు మా నాయనమ్మతోని చెప్పిచ్చిండ్రు. ఆ కథ తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందను ఇడిసిపోయిన కాపరిది. నాయనమ్మ ఏం చెప్పిందంటే, "ఒక పిచ్చోడు ఉండె. ఒక్కదాని కోసం మందనంత పులి నోట్లె పెట్టిపోయిండు." ఇగ దొర మొఖం చూడాలె! "తప్పు పడ్డది దొరా, కొట్టేసి మళ్ల రాద్దాం," అన్నడట బాపు. కాపరి మందను దొడ్లె తోలి, పక్కోన్ని కావలి పెట్టిపోయినట్టు రాసిండ్రు. అప్పటికెల్లి ప్రతి ముక్క గట్లనే చెప్పిచ్చి ఇన్నరు.

నిరుడు హైదరాబాద్‌కెల్లి ఒక సార్ వచ్చిండు, దొర జీవితచరిత్ర రాస్తున్ననుకుంట. నేను బడికి పోయిన్నాడు వచ్చి పోయిండు. మాపటికి ఇంటికొస్తే బాపు మొఖం కళకళలాడుతున్నది. "సార్ మంచోడు బిడ్డా. అన్నీ నన్నే అడిగిండు. బుక్కుల నా పేరు ఏస్తడు." ఇగ ఆ దినంకెల్లి ఒకటే లొల్లి, బుక్కు వచ్చిందా, బుక్కు వచ్చిందా అని. బాపుకు చూపు పోయింది. "నువ్వు చదువు, నేను ఇంట," అనేటోడు. దొర సచ్చిపోయిండు, అవ్వ పోయింది, గూడెంల ఆనాటోళ్లు ఎవలు మిగలలే. మా బాపు ఏం జేసిండో నలుగురికి చెప్పెతందుకు గా బుక్కు ఒక్కటే ఉండె.

మొన్న కరీంనగర్ పుస్తకాల పండుగల ఆ బుక్కు ఆవిష్కరణ. బాపు తెల్ల ధోతి కట్టి రుమాలు చుట్టిండు. ముందు వరుసల కూసోవెట్టి నేను స్టాల్ కాడికి ఉరికిన. దొర బొమ్మతోని నిలువెత్తు ఫ్లెక్సీ, దానికొక దండ. బుక్కు తీసుకొని తిప్పిన, మళ్ల తిప్పిన. బాపు పేరు ఎక్కడ లేదు. ఒక కాడ మాత్రం ఉన్నది, దొరగారికి నమ్మకమైన స్థానిక వంటమనిషి ఒకాయన సేవ చేసేవాడట! ఇంకో అధ్యాయం నిండ గా మళ్ల చెప్పిచ్చుడు ముచ్చటనే. అదెవలు కనిపెట్టిండ్రట? దొర! అమాయక గిరిజనుల మనసెరిగి దొరగారు కనిపెట్టిన ఉపాయమట.

సార్ గాడనే కూసొని సంతకాలు పెడుతుండు. "మా బాపు వంటమనిషి అని ఎవలు చెప్పిండ్రు సార్?" అన్న.

"మీ నాన్నగారే చెప్పారమ్మా, రికార్డింగ్ కూడా ఉంది," అని ఫోన్ తీసి ఇనిపిచ్చిండు.

"దొరగారి భోజన సదుపాయాలు మీరే చూసుకునేవారట కదా?" అని సార్ గొంతు. "అవును సారూ," అని మా బాపు. "ఈ పద్ధతి దొరగారి ఆలోచనే కదా?" "అవును సారూ."

ఓరి దేవుడా! మావోళ్లను అవునా కాదా అని అడగద్దని అధ్యాయం రాసిన మనిషి, మా ఇంట్ల కూసొని మా బాపును గదే అడిగిండు! "మీరు రాసిన బుక్కు మీరే చదవలే సార్," అన్న. "ప్రోగ్రాం అయ్యాక మాట్లాడదామమ్మా," అని లేచిపోయిండు. ఏం మనుషులో! సిగ్గు లేదు, శరం లేదు.

స్టేజి మీద రంగుకాగితం ఇప్పిండ్రు, బుక్కులు పైకెత్తి ఫోటోలు దిగిండ్రు. సార్ మైకుల రెండు పేజీలు చదివిండు, వంటమనిషి ముచ్చట గూడ అండ్లనే. బాపు నా చెయ్యి పట్టుకొని, "నా పేరు ఇంక రాలే గదా బిడ్డా?" అన్నడు. అంతల సారే దిగొచ్చి బాపుకు శాలువా కప్పి మైకు పెట్టిండు. "పెద్దాయనా, పుస్తకం బాగుందా?"

"మంచిగున్నది సారూ," అన్నడు బాపు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

ఇగ నాతోని కాలే. మైకు గుంజుకున్న. "బాపూ, ఏం విన్నవో మళ్ల చెప్పు," అన్న.

బాపు నడుం నిలవెట్టి కూసున్నడు, వెనుకటి అలవాటు.

"ఒక దొర ఉండె. దొరకు మా మాట రాదు. ఒక వంటోడు ఉండె, వాడు వంట జేసిండు. దొర ఒక్కడే కూసొని అంత రాసిండు." గంతల ఆగిండు. "గీ వంటోడు ఎవడు బిడ్డా? దొర తన బువ్వ తనే వండుకునేటోడు గద."

"నువ్వే బాపూ," అన్న, మైకులనే.

బాపు భుజం మీది శాలువా మెల్లగ తీసి ఒళ్లె పెట్టుకున్నడు. పుట్టి బుద్ధెరిగినంక దొరను తప్ప ఏ పెద్దమనిషినీ కాదనని మా బాపు, సార్ గొంతు వచ్చిన దిక్కు మొఖం తిప్పిండు.

"తప్పు పడ్డది సారూ," అన్నడు. "కొట్టేసి మళ్ల రాయుండ్రి."