నన్నడక్కుండా ఇచ్చిన మాట

2021లో ఈస్టరు పండుగ వెళ్ళిన వారం అది. షార్జాలో చర్చిలు ఇంకా పూర్తిగా తెరవలేదు. మా తెలుగు కథోలికులం సాయంత్రాలు వీడియో కాల్‌లో జపమాల చెప్పుకునేవాళ్ళం. ఆ రోజు ఒక పది పూసలు నేను చెప్పించాలి. మంగళవార్త జపం సగంలోకి వచ్చేసరికి ఊపిరి అందలేదు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగిపోయాను.

"గొంతు ఎండిందేమో, నీళ్ళు తాగు ఇన్నమ్మా" అన్నాడు మా ఆయన రాయప్ప. అది గొంతు కాదని నాకు తెలుసు. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. ఈ ఆయాసం అలాంటిది కాదు. మర్నాడు కోవిడ్ పీసీఆర్ పాజిటివ్ వచ్చింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా ప్రార్థన కూటానికి పెద్ద బాలశౌరి అన్న. దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఈస్టరుకు ముందు మాంసం మానే ఆ తపస్సుకాలం మొదట్లో ఆయన కాల్‌లో అన్నాడు: "ఈ టీకాలన్నీ గర్భస్రావం చేసిన బిడ్డల కణాలతో చేస్తన్నారు. మనం ముట్టకూడదు. మాంసం మానేసినట్టే ఇదీ మానేద్దాం. ఒక్కో ఇంటి పెద్ద సిలువ ముందు మాటివ్వండి." ఒక్కొక్కరే మైకు ఆన్ చేసి చెప్పారు. నేను వంటగదిలో చపాతీ పిండి కలుపుతున్నాను. "మా ఇంట్లో ఇద్దరం వేయించుకోం అన్నా" అని మా ఆయన గొంతు వినిపించింది.

పిండి చేతులతోనే బయటికి వచ్చాను. "నన్నడిగావా?"

"మాంసం మానేస్తామని చెప్పేటప్పుడు నిన్నడిగానా? ఇదీ అంతే."

మాంసం మానితే నోరు చప్పబడుతుంది. ఇవి నా ఊపిరితిత్తులు. ఆస్తమా ఉంది కాబట్టి టీకా త్వరగా వేయించుకోమని క్లినిక్ డాక్టరు అప్పటికే చెప్పింది. నేను పనిచేసే లేడీస్ టైలరింగ్ షాపులో ముదీర్, అంటే మేనేజరు, ఇంకో వైపు. "వ్యాక్సిన్ నహీ తో కామ్ నహీ, ఖలాస్" అంటాడు. ఒకరు వద్దన్నారు, ఒకరు వేయించుకోవాల్సిందే అన్నారు. నీకేమనిపిస్తోంది ఇన్నమ్మా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నాకు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. పుట్టని బిడ్డల మాట ఎత్తితే వాళ్ళందరికంటే నాకే ఎక్కువ నొప్పి. అందుకే ఆ ప్రశ్న నేనే తేల్చుకోవాలనుకున్నాను. ఈలోగా జబ్బు వచ్చి పడింది.

ఇంట్లో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంటే అంబులెన్స్ పిలిచారు. సీటీ స్కాన్ చూసి మలయాళీ డాక్టరు, "బోత్ లంగ్స్ ఇన్వాల్వ్డ్" అన్నాడు. ఆక్సిజన్, స్టెరాయిడ్లు, గంటల తరబడి బోర్లా పడుకోవడం. స్టెరాయిడ్లకు షుగర్ పెరిగింది. గుంటూరు వైపు నర్సమ్మాయి ఒకతె సూది గుచ్చుతూ, "టీకా ఏయించుకోలేదా అక్కా?" అంది.

"మా ఆయన మాటిచ్చాడు."

"మీ ఒంటి గురించా?" అంది.

కాస్త తేరుకున్నానని ఆక్సిజన్ తగ్గించారో లేదో, మళ్ళీ జ్వరం. సెకండరీ ఇన్ఫెక్షన్ అన్నారు. హై ఫ్లో ఆక్సిజన్ పెట్టి, ఐసీయూలో బెడ్ సిద్ధంగా ఉంచారు. మా ఆయన ఫోనులో ఏడుస్తూ, "మాతకు మొక్కుకున్నానే, నువ్వు లేస్తే ఇద్దరం వేళాంగణికి వస్తామని" అన్నాడు. ఈసారైనా నీ పేరు మీద మొక్కుకో అనాలనుకున్నాను. అనడానికి ఊపిరి లేదు.

బతికాను. ఇంటికొచ్చాక ఊపిరి కసరత్తుకిచ్చిన స్పైరోమీటర్‌లో మూడు బంతులు లేపడానికి నెలలు పట్టింది. ఫాలో అప్‌కు వెళితే ఆ మలయాళీ డాక్టరే, "ఇప్పుడు వ్యాక్సిన్ తీసుకోవచ్చు" అన్నాడు. పక్కన కూర్చున్న మా ఆయన నాకంటే ముందే, "మేం వేయించుకోం డాక్టర్" అన్నాడు.

"నువ్వు బయట కూర్చో" అన్నాను. డాక్టరు తలెత్తి చూశాడు. పెళ్ళయ్యాక మా ఆయనతో అలా మాట్లాడడం అదే మొదలు. లేచి వెళ్ళాడు.

నా హిందీలో నేనే అడిగాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. ఏ టీకాలోనూ బిడ్డల కణాలు ఉండవట. ఎప్పుడో చాలా ఏళ్ళ కింద తీసిన కణాల నుంచి ల్యాబులో పెంచుకుంటూ వచ్చినవాటిని కొన్ని టీకాల తయారీలో, పరీక్షల్లో వాడారట. మాకు ఇక్కడ ఇస్తున్నదాన్ని మాత్రం కోతి కిడ్నీ కణాల్లో పెంచారట. అంటే ఏ టీకా అనుకుని సిలువ ముందు మానేశామో, మాకిచ్చేది అసలు ఆ టీకానే కాదు. ఒళ్ళు మండిపోయింది.

"వేయించుకుని ఉంటే నాకిది వచ్చేది కాదా?"

"రాదని చెప్పలేను. ఇంత ముదిరేది కాదేమో."

తర్వాత మా ఫాదర్ గారికి ఫోను చేశాను. వేరే దారి లేనప్పుడు అలాంటి కణాలు వాడిన టీకాలైనా మంచి మనస్సాక్షితో వేయించుకోవచ్చని రోములోని శ్రీసభ అంతకుముందే చెప్పిందట. ఎవరినీ బలవంతపెట్టకూడదనీ, వద్దనుకున్నవాళ్ళు తమ వల్ల ఇతరులకు సోకకుండా చూసుకోవాలనీ కూడా చెప్పిందట. "రాయప్ప ఇచ్చిన మాట నిన్నెలా కట్టేస్తుందమ్మా? ప్రార్థించుకుని నువ్వే తేల్చుకో" అన్నారు. ప్రార్థించాను. వెళ్ళి వేయించుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన, "మరి నన్నూ వేయించుకోమంటావా?" అన్నాడు.

"నన్నడక్కు. నీకూ ఒక మనస్సాక్షి ఉంది కదా, దాన్నడుగు" అన్నాను. చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. తిరగనీ. చివరికి ఏం చేశాడన్నది ఆయన సంగతి, నేను రాయను.

ఇప్పుడు షాపుకు వెళుతున్నాను. లిఫ్టు పనిచేయని రోజున మెట్ల మధ్యలో ఆగి ఇన్‌హేలర్ పీల్చుకోవాలి. బాలశౌరి అన్న ఇంకా జపమాల నడిపిస్తున్నాడు. నా ఎదురుగా ఆ మాట ఎత్తడు, క్షమాపణా అడగడు. నా కోపం పోలేదు. ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో కూడా దాన్ని పాపమని చెప్పుకోలేదు.

టీకా వేయించుకోండి అనో, మానండి అనో మీకు చెప్పను. చెబితే నేనూ ఇంకో బాలశౌరి అన్ననే అవుతాను. చెప్పేది ఒక్కటే. మీకు అనుమానం ఉంటే డాక్టరునైనా ఫాదర్‌నైనా ఒంట్లో బాగున్నప్పుడే, మీ నోటితో మీరే వెళ్ళి అడగండి. ఆక్సిజన్ మాస్కు పెట్టాక అడగడానికి నోరు ఉంటుంది గానీ ఊపిరి ఉండదు.