విప్పే మామయ్య, తుప్పు ట్రాక్టరు

మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. కంటపడిన ప్రతి వస్తువునూ విప్పి చూడాలి. అది పాడైందా, బాగుందా అన్నది ఆయనకు అనవసరం. స్క్రూ ఉందంటే తిప్పమనే అర్థం, మూత ఉందంటే తీయమనే అర్థం. మనుషులకు స్క్రూలు లేవు కాబట్టి ఆయన పక్కన కూర్చుని నిశ్చింతగా మాట్లాడగలిగేవాళ్లు గాని, లేకపోతే ఆ వీధిలో ఎవరి మోకాలిచిప్ప ఎవరికి మిగిలేదో!

ఆయన వీధి మొత్తానికీ మామయ్య. అందువల్ల ఆయన భార్య అందరికీ అత్తయ్య. ముప్ఫైనాలుగేళ్ల కాపురంలో ఆవిడ కళ్లముందే మూడు గోడగడియారాలు, రెండు ఫ్యాన్లు, లెక్కలేనన్ని తాళంకప్పలు, ఒక గొడుగు, వాన పడుతుండగానే, విడివిడి భాగాలైపోయాయి.

మళ్లీ బిగించేవాడు కాదా అంటే, శ్రద్ధగా బిగించేవాడు. కాకపోతే ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది.

"ఇదేమిటండీ, బల్లమీద ఉండిపోయింది?" అనేది అత్తయ్య.

"అదా? కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు."

"గడియారానికి కంపెనీవాడు ముల్లు ఎక్కువ పెట్టాడా?"

"సెకన్ల ముల్లేలేవోయ్. సెకన్లు చూసుకుని ఉరికేంత పనులు మనకేం ఉన్నాయి?"

ఈ జబ్బుకి కారణం ఆయన ఉద్యోగమేనని అత్తయ్య సిద్ధాంతం. ఊరికి నీళ్లు తోడే పంపుహౌస్‌లో ఆయన పని మీటర్ల ముళ్లు చూసి పుస్తకంలో రాయడం. చుట్టూ ఏనుగులంతేసి మోటార్లు, ప్రతిదాని మీదా "ముట్టుకోరాదు" అని ఎర్రక్షరాలు. భోజనప్రియుణ్ణి ముప్ఫై ఏళ్లపాటు విందులో నిలబెట్టి నోరు కట్టేసినట్టన్నమాట. ఆ కసంతా ఇంటికొచ్చి ఇంట్లో సామాన్ల మీద తీర్చుకునేవాడు.

ఒకసారి ఇద్దరూ ఒక ఇంటికి పరామర్శకు వెళ్లారు. పోయినాయన మంచితనం గురించి అందరూ తలో మాటా చెబుతున్నారు. మామయ్య మాత్రం తల పైకెత్తి కూర్చున్నాడు. భగవంతుణ్ణి తలుచుకుంటున్నాడేమోనని ఆ ఇంటివాళ్లు కళ్లొత్తుకున్నారు. అత్తయ్య మాత్రం ఆయన చూపు వెంట పైకి చూసి, మోచెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆవిడ అనుకున్నంతా అయింది.

"ఆ ఫ్యాను టకటకమంటోంది. ఒక స్టూలుంటే ఇస్తారా?" అన్నాడు మామయ్య.

పావుగంటలో ఫ్యాను నేలమీద ఉంది. ఏడవాల్సిన వాళ్లంతా రెక్కలు పట్టుకుని నిలబడ్డారు.

అలాంటి మనిషి రిటైరయ్యాడు. ఇంట్లో విప్పనివి ఇంకేం మిగిలాయా అని అత్తయ్య భయంభయంగా లెక్క చూసుకుంటుండగా, ఒకరోజు పొద్దున్నే నలుగురు మనుషులు తాడు కట్టి ఒక వస్తువును పెరట్లోకి ఈడ్చుకొచ్చారు.

అది ట్రాక్టరు. పొలం దున్నే పెద్ద ట్రాక్టరు కాదు. ఒక్క మనిషి కూర్చుని పార్కులో గడ్డి కోసుకునే చిన్న ట్రాక్టరు, రాతబల్లంత ఉంటుంది. ఊరి పార్కువాళ్లు పాత సామానుతోపాటు వదిలించుకుంటుంటే మామయ్య ఎదురెళ్లి తెచ్చుకున్నాడు. దాని ఒరిజినల్ రంగు ఏమిటో ఎవరూ చెప్పలేరు, ఇప్పుడున్నదల్లా తుప్పు రంగే. సీటులో ఎలుకలు కాపురముండి ఖాళీ చేసినట్టున్నాయి. ఇంజను మూత సందులోంచి పచ్చగా ఏదో తొంగిచూస్తోంది.

"గడ్డి కోసే బండి మీద గడ్డి మొలిచిందేమిటండీ!" అంది అత్తయ్య.

"అందుకే, విప్పి చూద్దాం అని..."

"అసలు మనకి గడ్డెక్కడుంది? పెరడంతా బండలేగా!"

"గడ్డికేముందోయ్, మొలుస్తుంది."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఏ వస్తువు కోసం చెయ్యి పెట్టినా ట్రాక్టరే తగిలేది. స్నానాల బకెట్లో కిరసనాయిలు, అందులో పిస్టను. చెంచాల డబ్బాలో బేరింగులు. తువ్వాళ్లు తగిలించే కొక్కేనికి ఫ్యాను బెల్టు. ఒకరోజు ఫ్రిజ్ తెరిస్తే పాలగిన్నె పక్కన రబ్బరు రింగులు పళ్లెంలో వరసగా పేర్చి ఉన్నాయి.

"చల్లగా ఉంటే కాస్త బిగుస్తాయి," అన్నాడు మామయ్య.

"నన్నూ ఒక గంట అందులో కూర్చోబెట్టండి. నా తలకాయ కూడా చల్లబడుతుంది," అంది అత్తయ్య.

ఇక్కడ పక్కింటాయన గురించి చెప్పాలి. ఆయన ఊరి పార్కులో పెద్ద తోటమాలి. ఇరవైరెండేళ్లు ఆ ట్రాక్టరు నడిపింది ఆయనే. ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు చచ్చుపడ్డాయి. ప్రాణగండం తప్పింది గాని మనిషి మనసు కుదేలైంది. కిటికీ పక్కన కుర్చీ, ఎదురుగా గోడ, అంతే. ఎవరైనా వస్తే ఆ చేతిని దుప్పటికింద దాచేవాడు. వ్రేళ్లతో నొక్కుతూ ఉండమని ఆస్పత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చారు. దాన్ని ఎడంచేత్తో కిటికీలోంచి విసిరేస్తే వచ్చి అత్తయ్య పెరట్లో పడేది. ఆవిడ మూడుసార్లు తీసుకెళ్లి ఇచ్చింది. నాలుగోసారి వీధికుక్క పట్టుకుపోయింది. కుక్కకి దవడలు బాగా బలపడ్డాయి.

ట్రాక్టరు వచ్చిన మర్నాడు మామయ్య పానా పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడో లేదో, పక్కింటి కిటికీ దభాలున తెరుచుకుంది.

"అది విప్పేది అలా కాదు!"

"మరెలాగ బావగారూ?"

"ఎడమకి తిప్పాలి."

"ఎడమకే తిప్పుతున్నాను."

"మీ ఎడమ కాదయ్యా, దాని ఎడమ!"

మామయ్య పానాని ఈసారి సుత్తిలా పట్టుకున్నాడు. అది చూసి పక్కింటాయన ఇక కుర్చీలో కూర్చోలేకపోయాడు. ఆర్నెల్లుగా గడప దాటని మనిషి, గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, దారిపొడుగునా తిట్టుకుంటూ పెరట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "నా బండిని చంపేస్తున్నారు మీరు!"

మొదటి వారమంతా ఆయన పని అరవడం, మామయ్య పని తప్పు చెయ్యడం. రెండో వారంలో ఒకరోజు మామయ్య, "బావగారూ, ఈ సందులో నా చెయ్యి దూరడంలేదు. ఈ నట్టొకటి పట్టుకుందురూ," అన్నాడు.

ఆయన ఎడంచెయ్యి చాచాడు.

"అది నాకు అడ్డం. ఆ రెండోది ఇవ్వండి."

పెరట్లో కూర్చున్నా పక్కింటాయన ఒళ్లో దుప్పటి ఉండాల్సిందే. దానికింద దాచిన చెయ్యి మెల్లిగా బయటికి వచ్చింది. నట్టు జారి పడింది. మామయ్య తీసి మళ్లీ వ్రేళ్లమధ్య పెట్టాడు. మళ్లీ పడింది. వంటింటి కిటికీలోంచి చూస్తున్న అత్తయ్య పదిహేడుసార్లు లెక్కపెట్టింది.

"ఈ నట్టు జారుడు రకం. కంపెనీవాడు తప్పు పంపించాడు," అన్నాడు మామయ్య చెమట తుడుచుకుంటూ.

'పదిహేడుసార్లు వంగినా ఒక్క నట్టు బిగించలేకపోయాడు ఈ మహానుభావుడు' అనుకుంది అత్తయ్య.

ఇలా నెలలు గడిచాయి. తుప్పు గీకారు, గరుకుకాగితంతో రుద్దారు, ఎర్రరంగు వేశారు, సీటు కొత్తగా కుట్టించారు. చూడబోతే పెళ్లికొడుకులా ఉంది బండి. కదలడం మాత్రం లేదు. రోజూ పొద్దున ఇద్దరూ కూర్చుని బిగించడం, మర్నాడు చూస్తే మళ్లీ అవే నట్లు వదులుగా ఉండటం.

ఉత్తరాలు పంచే అమ్మాయి రోజూ గేటు దగ్గర ఆగి అడిగేది. "అత్తయ్యా, ఇవాళైనా కదిలిందా?"

"కదలడానికి అదేమైనా నా మాటా? నా మాటైతే ఎప్పుడో గాలికి పోయుండేది."

"ఎప్పటికవుతుందంటారు మామయ్యా?"

"ఒక్క బోల్టు తేడాలో ఉందమ్మా," అనేవాడు మామయ్య. ఆ ఒక్క బోల్టూ నాలుగు నెలలనుంచి ఒక్క బోల్టుగానే ఉంది.

ఒకరోజు పొద్దున మామయ్య క్షవరానికి వెళ్లాడు. అత్తయ్య ఉతికిన దుప్పట్లు ఆరేద్దామని పెరట్లోకి వచ్చింది. దండెం కిందే ట్రాక్టరు. నెడితే జరగలేదు. సరే, సీటెక్కితే తాడు అందుతుంది గదా అని ఎక్కింది. ఎక్కాక, సీటు మెత్తగా ఉందని కాసేపు కూర్చుంది. కూర్చున్నాక ఎదురుగా తాళంచెవి కనిపించింది.

"ఎలాగూ కదలని మొద్దువి. నీకు తాళంచెవి ఒకటా!" అని అక్కసు కొద్దీ తిప్పింది.

బండి దడదడమని లేచి కూర్చుంది.

అత్తయ్య కెవ్వుమంది. చేతిలో దుప్పటి కొస గేరు కడ్డీకి చుట్టుకుంది, ఆవిడ కంగారులో దాన్ని లాగింది, అది గేరును లాగింది. ట్రాక్టరు గేటు దాటి, బుద్ధిగా మలుపు తిరిగి, వీధిలో పడింది.

వేగం పెద్దగా లేదు. మనిషి నడకంతే. అయితేనేం, ఊరేగింపు ఊరేగింపే. తల మీద తడిదుప్పటి, కింద ఊగే సీటు, పక్కనుంచి ఒక్కొక్క మూతా ఊడి రోడ్డు మీద ఖంగుమని పడటం. ఉత్తరాల అమ్మాయి పరుగెత్తుకొచ్చి పక్కనే నడవసాగింది.

"అత్తయ్యా! కదిలిందే!"

"కదలడం సరే తల్లీ, ఆగడంలేదు!"

చప్పుడు విని పక్కింటాయన గేటు బయటికి వచ్చాడు. వెనకాలే వాళ్లావిడ.

"తాళంచెవి తిప్పు చెల్లెమ్మా!"

"ఎటు అన్నయ్యగారూ?"

"ఎడమకి!"

"నా ఎడమా, దాని ఎడమా?"

దానికి జవాబు చెప్పేలోగా బండి ఆయన దగ్గరికే వచ్చేసింది. ఆయన ఒక కాలు ఈడ్చుకుంటూ దానితోపాటు నాలుగడుగులు వేశాడు. చెయ్యి చాచాడు. తాళంచెవి పట్టుకున్నాడు. తిప్పాడు.

ఇంజను ఆగిపోయింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. అది కుడిచెయ్యి. అందరికంటే ఎక్కువసేపు చూసింది ఆయనే.

సరిగ్గా అప్పుడే సందు చివరినుంచి మామయ్య పరుగెత్తుకొచ్చాడు. మెడకి తెల్లగుడ్డ, ముఖానికి ఒకవైపు సబ్బునురుగు, రెండోవైపు నున్నగా గీసిన చెంప.

"బండి బాగైందా?" అత్తయ్య దుప్పటి లోపలినుంచే అడిగింది.

"అది... ఒకరకంగా..."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైందోయ్."

అత్తయ్య దుప్పటి తీసింది. ఆవిడ ముఖం చూసి మామయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాలుగు నెలలా! మరి రోజూ ఏం చేస్తున్నట్టు?"

మామయ్య నురుగు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు, పక్కింటాయన అక్కడే లేనట్టు. "బంతి నొక్కమంటే నొక్కడు గదా ఆయన. నట్టు బిగించమంటే బిగిస్తాడు. మొదట్లో పట్టుకోలేకపోయాడు, ఇప్పుడు పెద్ద పానా తిప్పుతున్నాడు. బండి అయిపోయిందంటే మర్నాటినుంచి రాడు. అందుకని సాయంత్రం ఆయన వెళ్లగానే నేను కాస్త..."

"విప్పేస్తున్నారు."

"పైపై మూతలే. ఇంజను ముట్టుకోలేదు. ఒట్టు."

"ఊళ్లో ఇన్ని బండ్లుండగా మరి ఈ తుక్కే ఎందుకు తెచ్చినట్టు?"

"వేరే బండైతే నన్ను తిట్టడానికి ఆయన బయటికొచ్చేవాడా?"

అత్తయ్య ఆయన చెంపమీద మిగిలిన నురుగు దుప్పటి కొసతో తుడిచింది. కాపురానికొచ్చాక అలా జరగడం అదే మొదలు.

పక్కింటాయన దగ్గాడు. "నాకు తెలీదనుకున్నారా? నిన్న నేను బిగించిన నట్టు ఇవాళ వదులైతే, అది దయ్యం పనా?"

"తెలిస్తే చెప్పలేదేం బావగారూ?" మామయ్య తెల్లబోయాడు.

"చెబితే మీరు మానేస్తారుగా!"

పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి కొంగు కళ్లకద్దుకోలేదు గాని, నవ్వు ఆపుకోలేకపోయింది. "ఈ పొద్దున చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నారు వదినా. పైన ఒకటి మిగిలిందనుకో."

"కంపెనీవాడు ఎక్కువ పెట్టుంటాడు," అన్నారు మగవాళ్లిద్దరూ ఒక్కసారే.

ఉత్తరాల అమ్మాయి రోడ్డు మీద పడిన మూతలన్నీ ఏరి తెచ్చి ఇచ్చింది. అందరూ కలిసి బండిని పెరట్లోకి నెట్టారు. గుట్టు బయటపడ్డాక ఆట సాగదు. బండి బాగైందని ఊరంతా చూసింది. పక్కింటాయన స్టూలు మీద కూర్చోవాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. మామయ్య పానాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

అత్తయ్య దుప్పటిని మళ్లీ నీళ్లలో ముంచుతూ పక్కింటాయన కాలివంక చూసింది. కుడిపాదం ఇంకా నేలను రాసుకుంటూనే ఉంది.

"ఏవండీ, బండి బాగైందని ఎవరన్నారు?" అంది.

"నువ్వే గదోయ్ నడిపావు!"

"అందుకే చెబుతున్నా. బ్రేకు పడడంలేదు. స్వయంగా నడిపినదాన్ని, నాకు తెలీదూ? రోజూ పొద్దున ఒక యాభైసార్లు గట్టిగా తొక్కితే గాని అది దారికి రాదు."

మామయ్య అర్థంకాక సీటెక్కబోయాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు కాదు. మీరు తొక్కితే పెడలు మిగిలిపోతుంది. అన్నయ్యగారిది అలవాటైన కాలు."

పక్కింటాయన ట్రాక్టరు కుడివైపున్న బ్రేకు పెడలు చూశాడు. తన కాలు చూసుకున్నాడు. తర్వాత అత్తయ్యవైపు తిరిగి కళ్లు చిట్లించాడు.

"యాభైసార్లా చెల్లెమ్మా?"

"ఇవాళ్టికి ఇరవై చాలు. టీ పెట్టుకొస్తాను, ఈలోగా మొదలుపెట్టండి."