చామంతి మాల వెనక ఆగిన గడియారం

మునిరత్నం సార్ పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మరియమ్మక్క. తిరుత్తణిలో మా వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. మూడో కూతకు మంట తగ్గిద్దామని గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. అత్తిమంజేరిపేట నుంచి మొదటి బస్సుకు వచ్చిన అక్క గడప దాటకుండానే, "వల్లీ, మన సారు లేడమ్మా. నిన్న పొద్దున కాపీ తాగి కుర్చీలో కూర్చున్నాడంట. పిలిస్తే పలకలేదంట" అంది. ఆ తరువాత కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచే ఉన్నాను, నిలబడే ఉన్నాను. పప్పు మాడిన వాసన వీధిలోకి వెళ్ళాక అక్కే వచ్చి స్టవ్ కట్టేసింది. "ఏందమ్మా, నీ పాత పోగ్రాం మాదిరి నిలిచిపోయినావే" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. ఆ మాట ఆ వేళ నాతో అనగలిగిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆ కుక్కర్ అడుగున మాడు ఇంకా పూర్తిగా వదలలేదు. పొయ్యి మీద పెట్టి వేడెక్కగానే సన్నగా ఆ వాసన వస్తుంది, సార్ గుర్తుకొస్తారు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం నన్ను గడప దాటనివ్వలేదు. అమ్మ దగ్గర తెలుగు, నాన్న దగ్గర తమిళం, అన్న వదిలేసిన పుస్తకాలతో లెక్కలు, అన్న వదిలేసిన పాత కంప్యూటర్ మీదే ప్రోగ్రాములు రాయడం. అలా ఇంట్లోనే చదివిన నన్ను పనిలోకి తీసుకున్నది మునిరత్నం సార్. ఆవడి వైపు ఒక ఫ్యాక్టరీలో మిషన్లు చూసి చూసి, తరువాత తిరువళ్ళూరులో ఒక మందుల షాపు మేడ మీద రెండు గదులు తీసుకుని, బియ్యం మిల్లులకూ కాటాలకూ బల్ల మీది కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములు రాసిచ్చేవారు. మొదటి రోజు అడిగారు:

"సర్టిఫికెట్టు యాడమ్మా?"

"లేదు సార్. ఇంట్లోనే చదువుకున్నా."

"ఇంట్లో ఇంకేం చేస్తావు?"

"వంట చేస్తా సార్."

"పొయ్యి మీద పాలు పెట్టి, రేషన్ షాపు క్యూలో పోయి నిలబడతావా?"

"ఎవరన్నా నిలబడతారా సార్?"

"మా పనిలో శానామంది నిలబడతారు. రేపట్నించి రా."

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అర్థం కావడానికి ఒక ఏడాది, కొన్ని వందల కోడిగుడ్లు పట్టాయి. రోజూ కంప్యూటర్ వేసేముందు దాన్ని తాకి కళ్ళకద్దుకునేదాన్ని. ఆఫీసులో మిగిలినవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. సార్ మాత్రం నవ్వలేదు. "మొక్కు వల్లీ, మంచిదే. మొక్కినాక చూడు కూడా" అనేవారు. అంతకుమించి ఏమీ వివరించేవారు కారు.

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని అత్తిమంజేరిపేట దగ్గరి ఒక హేచరీది. గుడ్లు పొదిగే మిషను పక్కన ఒక కంప్యూటర్. పది సెకండ్లకొకసారి థర్మామీటర్ను అడిగి వేడి ఎంతో తెర మీద చూపాలి. వేడి పెరిగితే ఫ్యాను వేయాలి. గంటకొకసారి గుడ్ల ట్రేలను అటుది ఇటు వంచాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. పదేపదే చేసే ఇలాంటి పనులకు రెండు దారులున్నాయి. ఒకటి టైమర్: తెరను నడిపే చెయ్యే, వేళ కాగానే ఆ పని కూడా చేసి వస్తుంది. రెండోది థ్రెడ్: అదే ప్రోగ్రాములో ఇంకొక చెయ్యి, తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. రెండు చేతులు ఒకే గిన్నెను పట్టుకుంటే ఒలికిపోతుందని చదివి నాకు థ్రెడ్లంటే భయం. అన్నిటికీ టైమర్లే పెట్టేశాను. సార్ ఒకసారి చూసి, నడుస్తోంది కదా అని, "సరే" అన్నారు.

అంతవరకూ ఆ హేచరీలో వేడి చూసింది అక్కడ పనిచేసే మరియమ్మక్క కనురెప్ప. మిషనులోంచి ఒక గుడ్డు తీసి మూసిన కంటికి ఆనించుకుని, ఎక్కువో తక్కువో చెప్పేసేది. కంప్యూటర్ వచ్చాక యజమాని నాయుడన్న ఆమెను ఆటపట్టించాడు. "ఇంకెందుకు మరియమ్మా నీ కన్ను? దాన్ని నీ మొగుడి మీద పెట్టు పో." ఆమె కూడా నవ్వి, మానేసింది.

ఆ ఏడు ఆయుధపూజకు నేనే వెళ్ళాను. కొత్త కంప్యూటర్, నేను రాసిన ప్రోగ్రాము, నా చేతి పూజ కావాలనుకున్నాను. దుమ్ము లేకుండా అన్నీ తుడిచాను. తెరకు విభూతి, కుంకుమ పెట్టి చామంతి మాల వేశాను. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటి హారతి దాకా తాకకూడదు కదా. గుడ్లున్న మిషను ఆపలేం, అది నడుస్తుంది. కీబోర్డు, మౌసు మాత్రం ఎవరూ ముట్టవద్దని గట్టిగా చెప్పాను. మరియమ్మక్క చర్చికి పోయే మనిషి. అయినా, "మీ సామికి మర్యాద ఇయ్యాల కదా. నేను ఆ పక్కకే పోను" అంది.

మరునాడు ఉదయం సార్, నేను కలిసి వెళ్ళాం. తెర మీద ముప్పై ఏడున్నర డిగ్రీలు. అచ్చంగా ఉండాల్సిన అంకె. మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. సార్ తెర ముందు కాసేపు నిలబడి, "టైమెంత వల్లీ?" అన్నారు.

"ఎనిమిదిన్నర సార్."

ఆయన ఒక్క వేలితో మాల పైకెత్తారు. తెర మూలన నేను పెట్టిన గడియారం ఆ పూల వెనకే ఉంది. అందులో పది దాటి పన్నెండు నిమిషాలు. నిన్న పొద్దుటి పది. సార్ మౌసు కదిపి ఒక నొక్కు నొక్కారు. కొన్ని క్షణాలకు, ఆగిపోయిన ప్రోగ్రాముకు జరిగినట్టే, తెర పాలిపోయి తెల్లబడింది. మరియమ్మక్క పరుగున పోయి మిషను తలుపు తీసింది. వేడి గాలి మా ముఖాల మీద కొట్టింది. గుడ్డు కంటికి ఆనించి చటుక్కున తీసేసి, "యేసయ్యా!" అని అక్కడే కూలబడింది.

జరిగింది ఇదీ. పూజకని తుడుస్తున్నప్పుడు నా చేతే థర్మామీటర్ వైరు వదులయింది. నేను వెళ్ళిపోయిన కాసేపటికి అది ఊడింది. నా ప్రోగ్రాము వేడి ఎంతని అడిగింది. బదులు రాలేదు. వచ్చేదాకా నిలబడమని నేనే రాశాను, నిలబడింది. గడియారం నడపాల్సినది, ఫ్యాను వేయాల్సినది, ట్రేలు వంచాల్సినది అన్నీ ఆ ఒక్క చెయ్యే. ఎవరైనా ఒక్కసారి మౌసు నొక్కి ఉంటే తెర అప్పుడే తెల్లబడి నిజం చెప్పేసేది. తాకవద్దన్నది నేను. గడియారాన్ని పూలతో కప్పింది నేను.

"సార్, నాయుడన్నకు మీరు చెప్పండి" అన్నాను.

"రాసింది నువ్వు, చెప్పేదీ నువ్వే. నేను పక్కన ఉంటా పద."

చెప్పాను. నాయుడన్న అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "కోడిపెట్ట మేతకి లేచిపోయినా మళ్ళా వచ్చి కూర్చుంటాదమ్మా. నీ మిషను కూర్చున్నచోటే చచ్చిపోయిందే" అన్నాడు. సార్ వైపు తిరిగి, "మూడు దినాలు చూస్తా. సరిగా చేసి చూపించండి, లేకుంటే దీన్ని ఎత్తుకుపోండి. ఈ పాప ఇంక మిషను జోలికి రాకూడదు" అన్నాడు. బయట మరియమ్మక్క కొన్ని గుడ్లు పగలగొట్టి చూస్తోంది. సార్ నన్ను అక్కడికి పంపారు. లోపలి పిల్లకు ముక్కు వచ్చేసింది, తడి నూగు వచ్చేసింది, కళ్ళు మూసుకుని ఉంది. అది చూసిన తరువాత చాలా రోజులు నేను గుడ్డు ముట్టలేదు.

ఆ భయంలో తిరువళ్ళూరు వచ్చి, టైమర్లన్నీ పీకేసి ప్రతిదానికీ థ్రెడ్ పెట్టాను. పది సెకండ్లకొక కొత్త థ్రెడ్. రెండో రోజు సార్ నా పక్కన కుర్చీ వేసుకుని కావాలనే వైరు ఊడబీకారు. పది నిమిషాల్లో కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"పది సెకండ్లకి ఒకర్ని రేషన్ క్యూకి పంపినావు. పోయినోడు రాలేదని ఇంకొకడు, వాడూ రాలేదని ఇంకొకడు. వీధంతా మనోళ్ళే నిలబడి ఉండారు కదమ్మా!"

ఆ రెండు రోజుల్లో మొదటిసారి నేనూ నవ్వాను. అప్పుడు నెమ్మదిగా చెప్పారు. "కూత వస్తే మంట తగ్గించేది క్షణం పని. అది నువ్వే చెయ్, టైమర్ చాలు. క్యూలో నిలబడే పనికి నువ్వు పోవద్దు. ఒకర్ని పంపు, ఒక్కర్నే. ఇంతసేపే నిలబడు, బదులు రాకుంటే ఉత్త చేతుల్తోనే వచ్చి రాలేదని చెప్పు అని చెప్పి పంపు. వచ్చినోళ్ళు నీ పొయ్యి ముట్టకూడదు. నీకు చెప్పాల, అంతే. రాలేదనేది కూడా బదులే వల్లీ."

అలాగే రాశాను. థర్మామీటర్ను అడగడానికి ఒక థ్రెడ్, దానికి రెండు సెకండ్ల గడువు. ట్రేలకూ ఫ్యానుకూ ఇంకొకటి. బదులు లేకపోతే ఫ్యాను దానంతట అదే వేసుకోవాలి. తెరకు మాత్రం టైమరే. వాళ్ళు తెచ్చిన అంకె ఏమిటో, అది ఎంత పాతదో చూసి చూపడం దాని పని. అంకె అరనిమిషం దాటి పాతబడితే ఎర్రబడి హారన్ మోగాలి. మూడో రోజు నాయుడన్న ఎదుటే సార్ వైరు లాగేశారు. అంకె ఎర్రబడింది, హారన్ మోగింది, ఫ్యాను తిరిగింది, వేళ కాగానే ట్రేలు కిర్రుమని వంగాయి. నాయుడన్న చెవులు మూసుకుని, "సరి సరి, ఉండనీ. ఈ పాపనే చూసుకోమను" అన్నాడు. ఆ మాట మీదే నా బతుకు నిలబడింది.

ఆ తరువాత ప్రతి ఆయుధపూజకూ సార్ ఆఫీసులో ఉండేవారు కారు. "నాకు పని ఉండాది, మీరు చేసుకోండి" అని వెళ్ళిపోయేవారు. ఆ గుడ్లతోనే ఆయన భక్తి కూడా పోయిందనుకున్నాను. తిరుత్తణి గుడి కొండ మెట్లెక్కి ఆయన కోసం మొక్కుకునేదాన్ని. అందులో కాస్త గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మాడిన పప్పు వాసన మధ్య కూర్చుని ఆ మాటే అన్నాను మరియమ్మక్కతో, "పాపం, పూజకి ఒక్కసారన్నా ఉండలేదు" అని. అక్క నా ముఖంలోకి వింతగా చూసింది.

"నీకు తెలీదా? ఆ దినం ఆయప్ప, మన సారు, మా కాడికే వచ్చేది. మాల పక్కకి జరిపి, కుర్చీ వేసుకుని ఆ తెర ముందరే కూర్చునేది. గంటకొకసారి గుడ్డు తీసి కంటికి ఆనించుకునేది. మొదట్లో చేత కాలేదు, నేనే నేర్పించినా."

"ఎందుకక్కా? ప్రోగ్రాము సరిగానే ఉంది కదా!"

"నేనూ అదే అడిగినా. 'వల్లి రాసింది, సరే అన్నది నేను. సరిగా చూడకనే సరే అన్నా మరియమ్మా' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎన్నేళ్ళు వచ్చినారు?"

"అన్నేండ్లూ."

రెండోసారి కదలలేకపోయాను. నా తప్పును నా నోటితోనే చెప్పించిన మనిషి, తన తప్పును నాకు చెప్పకుండా ఏటా ఒక పగలంతా దాని ఎదుట కూర్చున్నాడు. నేను పూజ అనుకున్నది పూలు, హారతి. ఆయన చేసిన దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఇంట్లో చదువుకున్న పిల్లకు అలాంటి గురువును చూపిన స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

ఇప్పటికీ కంప్యూటర్ను కళ్ళకద్దుకునే పని మొదలుపెడతాను. అద్దుకున్నాక చూస్తాను కూడా. వచ్చే ఆయుధపూజకు ఆ కుర్చీలో నేను కూర్చుంటానని మరియమ్మక్కకు మాటిచ్చాను. గుడ్డును కంటికి ఆనించడం ఆమె దగ్గరే నేర్చుకుంటున్నాను.

చదివినవారిని ఒక్కటి అడుగుతాను. ఎక్కడైనా ఒక తెర మీద అంకె ఎంతసేపటికీ కదలక, మీకు నచ్చినట్టే నిలబడి కనిపిస్తే, అది ఎప్పటిదో ఒక్కసారి చూడండి. చూసిన ఆ క్షణంలో, మీరెన్నడూ కలవని మునిరత్నం అనే మనిషిని తలుచుకోండి.