తాళాలాయన కొన్న వెండింగ్ మెషిన్

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అందరికీ ఆయన తాళాలాయన, కాబట్టి ఆవిడ తాళాలావిడ. తాళంచెవి పోగొట్టుకున్న ఏ బీరువా అయినా ఆయన చేతిలో తీగముక్క చూడగానే లొంగిపోతుందని వీధంతా చెప్పుకునేది. అందరికంటే ఎక్కువగా చెప్పుకునేది మాత్రం ఆయనే. ఆవిడ కౌంటర్ వెనక కూర్చుని, విని, ఆవలించేది.

కొట్టులో, డబ్బులేస్తే చల్లటి సీసా ఇచ్చే వెండింగ్ మెషిన్ పెడదామన్న ఆలోచన ఆవిడది. నకలు చెవి కోసం వచ్చినవాళ్ళు, కోత మిషను గీపెట్టినంతసేపూ బల్లమీద కూర్చుని నోరెండిపోయి గోడకేసి చూస్తుంటారు. చల్లగా ఏదన్నా దొరికితే కొనుక్కుని తాగరా? ఆవిడ గాలి లెక్కలు వెయ్యలేదు. ఆస్పత్రి వరండాలోనూ బస్టాండులోనూ మెషిన్ల ముందు పనిగట్టుకుని నిలబడి చూసొచ్చింది. తలుపుకి అద్దం ఉండాలి, లోపలున్నది కనిపిస్తేనే చెయ్యి జేబులోకి వెళ్తుంది. సీసా పడే గూడు నడుం ఎత్తులో ఉండాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు వంగలేరు. కొట్టు అగ్గిపెట్టంత, కాబట్టి సన్నటిదైతేనే నప్పుతుంది. ఇదంతా భోజనాల దగ్గర వివరంగా చెప్పింది. ఆయన "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అన్నాడంటే వినలేదని అర్థం.

ఆవిడ పైకి అనని కోరిక ఇంకోటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన కొట్టులో కూర్చుంది. ఆ ఒక్క మూలా తనదై ఉండాలనుకుంది. ఏ పానీయం పెట్టాలో, ఏది తీసెయ్యాలో తన ఇష్టప్రకారం జరగాలని ఆశపడింది.

మెషిన్లు అమ్మేచోటికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. అక్కడ ఆయన వెలగబెట్టిన నిర్వాకం చెప్తే నమ్మరు. మొదటి మెషిన్ ఎంత చల్లబరుస్తుందని ఆవిడ అడుగుతుంటే, ఆయన వంగి తాళంలోకి ఒంటికన్నుతో చూసి, జేబులోంచి తీగ తీశాడు. అమ్మేమనిషి "సార్, సార్" అనేలోపే తలుపు తెరుచుకుంది.

"ఇది పనికిరాదు," అన్నాడు.

రెండోది సన్నటిది, అద్దం తలుపుది. ఆవిడ దానిమీద మనసు పారేసుకుంది. అదీ తెరుచుకుంది. మూడోదానికి తీగ కూడా అక్కర్లేకపోయింది, ఓ గుద్దు సరిపోయింది.

"ఏమండీ, మనం కొనడానికొచ్చామా, కన్నం వెయ్యడానికొచ్చామా?"

"నేను తీసిన తాళం ఇంకోడు తీయలేడా ఏమిటి?"

"మీరు తప్ప ఇంకెవరూ తీయలేరని ఇన్నాళ్ళూ మీరేగా చెప్పారు!"

అమ్మేమనిషి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

చివరికి ఓ మూలనున్న ఇనపగుండులాంటి మెషిన్ ఆయన కంటబడింది. దొంగల భయమున్న చోట్ల పెట్టేదట. అద్దం లేదు. గూడు మోకాళ్ళకంటే కింద. ఆయన తీగ పెట్టి తిప్పాడు, చెమటలు కక్కాడు, తాళం ఉలకలేదు పలకలేదు. "మెషినంటే ఇదీ!" అన్నాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆవిడ మూతి ముడుచుకుని ఆటోలో కూర్చుంది.

మెషిన్ వచ్చి సగం కొట్టు ఆక్రమించింది, బల్ల గుమ్మం బయటికి పోయింది. సీసాలు నింపుతుండగానే ఇరుగుపొరుగు చేరారు. ఎదురు కొట్టు దర్జీ, ఆవిడని అక్కయ్యా అని పిలిచే చనువుతో ఆయన్ని ఆటపట్టించే మనిషి, అందరికంటే ముందు నిలబడ్డాడు. తాళాలాయనకి ఉపన్యాసం పూనింది. రెండు చేతులూ తిప్పుతూ చెప్పడానికి వీలుగా చెవి తీసి లోపల సీసాల పక్కన పెట్టాడు.

"తలుపు ఇలా దగ్గరికేస్తే చాలు, తాళం దానంతటదే పడిపోతుంది," అని వేసి చూపించాడు.

పడిపోయింది. చెవి లోపలుంది.

ఆవిడ నోరు తెరిచింది. మెషిన్ దించినవాళ్ళు రెండో చెవి ఆవిడ చేతికే ఇచ్చి వెళ్ళారు. అది ఆ క్షణాన ఆవిడ పర్సులోనే ఉంది, ఆ సంగతి ఆయనకి తెలీదు.

"ఏమండీ..."

"నువ్వుండవోయ్! తాళాల సంగతి నీకేం తెలుసు? నాకొదిలెయ్."

సరే, వదిలేసింది. పర్సు జిప్పు లాగేసింది.

ఆ తర్వాత రోజుల్లో ఆవిడ పడిన సంబరం దేవుడికే తెలియాలి. ఆయన ఆ తాళంతో కుస్తీ పడుతుంటే మంచినీళ్ళు అందించేది, "అయిందా?" అని ఎంతో ప్రేమగా అడిగేది. ఆయన నోట ఒక్క మాట కోసం కాచుక్కూర్చుంది. 'నావల్ల కాలేదు' అంటే చాలు, చెవి ఇచ్చేద్దామనుకుంది. ఈలోపు ఉన్న సీసాలన్నీ అమ్ముడైపోయాయి. నింపే దారిలేక 'ఖాళీ' అని కాగితం అంటించింది.

"కంపెనీకి ఫోన్ కొట్టకూడదూ బావగారూ?" అన్నాడు దర్జీ.

"తాళాలాయన తాళం తీయమని ఫోన్ చేశాడంటే, ఈ వీధిలో తలెత్తుకు తిరగనా?"

ఒక మధ్యాహ్నం ఒకామె పరుగున వచ్చింది. ఇంటి చెవి పోయింది, ఒక్కసారి రమ్మని బతిమాలింది. అలాంటి పిలుపుకి ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉరికేవాడు. ఆరోజు చేతిలో తీగకేసి చూసుకుని, "ఇంకెవరినన్నా చూసుకోండమ్మా. నా చెయ్యి ఈమధ్య సరిగ్గా ఉండట్లేదు," అన్నాడు.

ఆవిడకి గుండె కలుక్కుమంది. ఆటపట్టిద్దామనుకుంది గానీ మనిషిని ఇలా చెయ్యాలనుకోలేదు. సిగ్గేసింది. చెవి చేతికిద్దామంటే ఆయన ఇంకా కుంగిపోతాడు. అందుకని ఆయన భోజనానికి వెళ్ళగానే తాళం తీసి, అది మళ్ళీ పడకుండా గడియ రంధ్రంలో సబ్బుపెట్టె అట్టముక్క మడిచి దూర్చి, తలుపు దగ్గరికి నెట్టేసింది.

"ఇంకొక్కసారి చూడకూడదూ?" అంది ఆయన రాగానే.

ఆయన తీగ పెట్టాడు. తలుపు తెరుచుకుంది. దర్జీ ఎదురు కొట్టులోంచే చప్పట్లు కొట్టాడు, దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆయన మాత్రం కింద పడ్డ అట్టముక్క కేసి చూస్తున్నాడు. కాలితో తొక్కేస్తే ఎవరికీ తెలిసేది కాదు. వంగి తీశాడు.

"నేను తీయలేదయ్యా," అన్నాడు దర్జీకి వినపడేలా. "నావల్ల కాలేదు. మా ఆవిడ తీసింది."

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట వీధి మధ్యలో వినబడేసరికి, ఆవిడ కళ్ళు తడిశాయి.

"చెవి ఎన్నాళ్ళనుంచి నీ దగ్గరుంది?"

"మొదట్నుంచీ. అడిగితే ఇచ్చేదాన్నిగా."

"అడగాల్సింది," అన్నాడు ఆయన. "మెషిన్ కొనేటప్పుడే అడగాల్సింది." లోపలున్న చెవి కూడా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "రేపెళ్ళి దీన్ని మార్చుకొద్దాం. ఏది కావాలో నువ్వే చూడు. నేను తాళం వైపు కన్నెత్తి చూడను."

"చూద్దురుగాని," అంది ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "కొట్టుకి తెచ్చుకున్నాక. ముందు ఆ తీగ ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చేశాడు.